చెట్లు లేని జంగల్

మనుస్మృతి ఏడో అధ్యాయంలో రాజుకి ఒక సలహా ఉంది. ఎలాంటి చోట కాపురం ఉండాలో చెబుతూ ఆ శ్లోకం 'జాంగలం సస్యసంపన్నం' అని మొదలవుతుంది. జాంగలమైన, పంటలు బాగా పండే, జనానికి బతుకుదెరువు సులువుగా దొరికే దేశంలో ఉండమని దాని భావం. ఇవాళ్టి అర్థం మనసులో పెట్టుకుని చదివితే ఇది తిక్క సలహా. రాజు పోయి జంగిల్లో కూర్చోవడం ఏమిటి, జంగిల్లో ధాన్యం పండటం ఏమిటి?

ఈ శ్లోకానికి వ్యాఖ్య రాసిన కుల్లూక భట్టు ఆ చిక్కు విప్పుతూ ఒక పాత నిర్వచనం ఎత్తి చూపిస్తాడు. నీరూ గడ్డీ తక్కువగా, గాలీ ఎండా ధారాళంగా, ధాన్యం సమృద్ధిగా ఉండే నేల జాంగలమట. అంటే మెట్ట నేల. తల పైకెత్తితే ఆకాశం కనిపించే నేల. మనం టీవీలో చూసే జంగిల్‌కి ఇది దాదాపు పూర్తిగా ఎదురు చిత్రం. చెట్ల మీద చెట్లు, వాటి మీద తీగలు, మిట్టమధ్యాహ్నం కూడా చీకటి, కాలు పెడితే జలగలు... ఇందులో ఒక్కటీ జాంగలానికి చెందదు.

ఒక మాట కాలక్రమంలో కాస్త అటూ ఇటూ జరగడం మామూలే. ఇది మాత్రం ఇల్లు మార్చడమే కాదు, ఎదురింట్లో చేరింది. ఆ మారిన దారిలో వైద్యులున్నారు, పన్ను లెక్కలు రాసేవాళ్లున్నారు, తర్జుమా చేసేవాళ్లున్నారు, చివరికి సుప్రీంకోర్టు కూడా ఉంది.

(ఇక్కడ నుంచి గందరగోళం లేకుండా, సంస్కృతంలోని రూపాన్ని జాంగలం అనీ, హిందీ-ఫారసీ రూపాన్ని జంగల్ అనీ, ఇంగ్లీషులోకి వెళ్లిన రూపాన్ని జంగిల్ అనీ రాస్తాను.)

వైద్యుల నేల

జాంగలం అనే మాటకి అన్నిటికంటే వివరమైన వర్ణన ఆయుర్వేద గ్రంథాల్లో దొరుకుతుంది. చరకుడూ సుశ్రుతుడూ నేలను మూడు రకాలుగా విడగొట్టారు: జాంగలం, అనూపం, సాధారణం. అనూపం అంటే నీటి పట్టు. నదులు, సముద్ర తీరాలు, కొబ్బరి, అరటి, చల్లగాలి, దట్టమైన చెట్లు. సాధారణం ఈ రెండిటికీ మధ్యస్థం.

చరక సంహిత కల్పస్థానంలో జాంగల దేశాన్ని వర్ణించిన తీరు చూస్తే రాసినవాడు ఆ నేల మీద నడిచినవాడే అనిపిస్తుంది. అడ్డంలేని ఆకాశం. చండ్ర, రేగు, తుమికి, జమ్మి లాంటి చెట్లు. ఎడతెగని పొడిగాలికి ఊగే లేత కొమ్మలు. గరుకైన సన్నని ఇసుక, గులకరాళ్లు, దూరాన ఎండమావులు. లావుక పిట్టలు, తిత్తిరి పిట్టలు, చకోరాలు తిరిగే చోటు. మనుషులు గట్టి ఒళ్లు ఉన్నవాళ్లు. వాత పిత్తాలు ఎక్కువ. ఈ జాబితాలో ఏనుగు లేదు, పులి లేదు, తీగల చిక్కు లేదు. ఎండమావులు ఉన్నాయి. ఎండమావి కనబడాలంటే ముందు కనుచూపు మేర ఖాళీ ఉండాలి కదా.

ఈ వర్గీకరణ ఊరికే భూగోళ పాఠం కోసం చేసింది కాదు. ఏ నేలలో ఏ జబ్బు వస్తుంది, ఏ నేలలో పెరిగిన మూలిక పనిచేస్తుంది, ఏ మాంసం తేలికగా అరుగుతుంది అనే లెక్కలన్నీ దీని మీదే నిలబడ్డాయి. జింక, దుప్పి జాతుల మాంసాన్నీ, మెట్ట పిట్టల మాంసాన్నీ జాంగల మాంసం అన్నారు. నీరసించిన రోగికి ఆ మాంసరసం పట్టించమన్నారు. దున్నపోతు, పంది అనూప వర్గంలోవి, అవి బరువు. ఫ్రాన్సిస్ జిమర్‌మన్ అనే ఫ్రెంచి పరిశోధకుడు 1980లలో ఈ రెండు నేలల తేడా పట్టుకునే ఆయుర్వేదం మొత్తాన్నీ కొత్తగా చదివి చూపించాడు.

చరకుడి తీర్పు ఇంకొకటి ఉంది. దేనిలో ఏది గొప్పదో వరసపెట్టి చెప్పే చోట, ఆరోగ్యమిచ్చే దేశాల్లో ఎడారి మొదటిదనీ, హాని చేసే దేశాల్లో అనూపం మొదటిదనీ అంటాడు. పచ్చదనం అంటే ఆరోగ్యం అని చిన్నప్పటి నుంచీ విన్న మన చెవికి ఇది వింతగా ఉంటుంది. దోమ కాటు, నీటి జబ్బులు ఉండే కాలంలో వైద్యుడి కంటితో చూస్తే ఇందులో వింతేమీ లేదు.

కౌటిల్యుడు ఇదే మాటను వానలెక్కలో వాడాడు. ధాన్యపు కొట్టు దగ్గర మూర వెడల్పు మూతి ఉన్న కుండ పెట్టి వాన కొలవమంటాడు అర్థశాస్త్రంలో. జాంగల ప్రాంతాలకు 16 ద్రోణాలు (ద్రోణం అప్పటి కొలత), అనూప ప్రాంతాలకు దానికి ఒకటిన్నర రెట్లు. గోదావరి ఒడ్డున ఉన్న అశ్మక దేశానికి 13న్నర. అంటే ఆయన దృష్టిలో జాంగలం ఒక వాతావరణ పదం, ఇవాళ్టి మాటల్లో తక్కువ వర్షపాత ప్రాంతం. అడవికి ఆయన దగ్గర వేరే మాట ఉంది, అటవి. అందులో ఉండేవాళ్లు ఆటవికులు. ఈ రెండూ ఆయన ఎక్కడా కలపలేదు.

ఇంకో సాక్ష్యం అమరకోశం. అడవికి పర్యాయపదాలు చెప్పే శ్లోకపాదం చాలామందికి నోటికి వచ్చినదే: 'అటవ్యరణ్యం విపినం గహనం కాననం వనం'. ఆరు మాటలు. అందులో జాంగలం లేదు.

మహాభారతంలో కౌరవుల నేలకి కురుజాంగలం అని పేరు. హస్తినాపురం వైపు విశాలమైన మైదానం అది, పశువులు మేపుకునే, పైర్లు వేసుకునే నేల. చాలా తర్వాతి కాలంలో బికనీర్ రాజులు 'జంగల్‌ధర్ బాద్‌షా' అని బిరుదు పెట్టుకున్నారు. థార్ ఎడారి అంచున, ఇసుక దిబ్బల మధ్య ఉన్న రాజ్యానికి ఆ బిరుదు! ఆ రాజ్యపు చిహ్నం మీద కూడా అది ఉండేది. పర్యాటకులకి అది తప్పు రాతలా కనిపించొచ్చు కానీ, పాత అర్థంలో అంతకంటే సరైన బిరుదు లేదు.

నాగలి ఆగిపోయిన చోటు

మరి మెట్ట నేల పేరు అడవి పేరు ఎలా అయింది? ఇక్కడ ఒక్క అడుగులో గంతు వేయలేం, మధ్యలో ఇంకో అర్థం ఉంది. దాన్ని వదిలేస్తే అంతా అయోమయమే.

ఆ మధ్య అర్థం బీడు. దున్నని నేల. జాంగలంలో చెట్లు పలచగా ఉండేవి కాబట్టి అది దున్నుకోవడానికీ మేపుకోవడానికీ పనికొచ్చేది. దున్నినంత మేర పొలం అయింది, ఊరు అయింది, వాటికి వేరే పేర్లు వచ్చాయి. మిగిలిపోయిన మేరకి పాత పేరు మిగిలింది. హిందీలోనూ మరాఠీలోనూ జంగల్ అంటే చాలాకాలం ఈ అర్థమే ప్రధానం, అంటే ఊరూ పొలమూ కానిది. చెట్లున్నాయా లేదా అన్నది రెండో సంగతి. హిందీలో 'జంగల్ జానా' అంటే చెంబు పట్టుకుని బయటికి పోవడం. దానికోసం ఎవరూ కీకారణ్యానికి పోరు కదా, ఊరు దాటి నాలుగు పొదలుంటే చాలు.

మెట్ట చేనుని దున్నకుండా వదిలేస్తే ఏమవుతుందో రైతుకి చెప్పనక్కర్లేదు. మొదటి ఏడు గరికా వెంపలీ కమ్ముకుంటాయి. ఆ తర్వాత తంగేడు, రేగుకంప గట్ల మీద నుంచి లోపలికి దిగుతాయి. ఇంకో రెండేళ్లకి తుమ్మ మొక్కలు మోకాలు దాటి ముళ్లు గట్టిపడతాయి. అప్పుడు ఎద్దుల్ని తోలుకుని పోతే అవి లోపలికి రావు, ముందు గొడ్డలి కావాలి. సరిగ్గా ఈ ఘట్టం దగ్గరే పొలం పేరు పోయి జంగల్ పేరు వస్తుంది. గమనిస్తే, ఆ పేరు పెట్టించింది చెట్టు ఎత్తు కాదు. మళ్లీ సాగులోకి తేవాలంటే పడే పాటు.

ఇది నా ఊహ కాదు, చట్టంలోనే ఉంది. నారద స్మృతి ప్రకారం ఒక్క ఏడాది సాగు చేయని చేను అర్ధఖిలం, మూడేళ్లయితే ఖిలం, అయిదేళ్లు దాటితే అది అటవితో సమానం. ఖిలం అంటే బీడు. మనం 'ఖిలమైపోయింది' అనేది అందుకే.

ఇప్పుడు 1770ల కలకత్తాకి రండి. అక్కడ ఈస్టిండియా కంపెనీ పాలన నడుపుతున్న వారెన్ హేస్టింగ్స్ హిందువుల వ్యవహార ధర్మం ఒక పుస్తకంగా కావాలన్నాడు. 11 మంది పండితులు కూర్చుని సంస్కృతంలో సంకలనం చేశారు. కంపెనీ దొరల్లో సంస్కృతం వచ్చినవాళ్లు అప్పటికి లేరు. అందుకని దాన్ని ముందు ఫారసీలోకి దింపించారు. ఆ ఫారసీ నుంచి నాథానియెల్ బ్రాసీ హాల్హెడ్ అనే కుర్ర ఉద్యోగి ఇంగ్లీషు చేశాడు. 1776లో లండన్లో అచ్చయింది. అందులో ఒక వాక్యం ఇది: అయిదేళ్లు బీడుగా ఉన్న భూమిని జంగిల్ అంటారు. ఇంగ్లీషు నిఘంటువులు ఈ మాటకి చూపించే తొలి వాడుక ఇదే.

నారదుడి లెక్కనీ హాల్హెడ్ వాక్యాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. అదే అయిదేళ్ల గడువు. సంస్కృతంలో అటవి అని ఉన్న చోట ఇంగ్లీషులో జంగిల్ కూర్చుంది. మధ్యలో ఫారసీ ఉంది. ఫారసీకి ఈ మాట మన దేశం నుంచే వెళ్లింది, అక్కడ అడవి అనే అర్థంతో స్థిరపడింది. ఇరాన్ ఉత్తరాన కాస్పియన్ తీరంలో గిలాన్ అనే ప్రాంతం ఉంది, తడి ఎక్కువ, నిజంగానే దట్టమైన అడవులు. 20వ శతాబ్దం మొదట్లో మీర్జా కూచిక్ ఖాన్ ఆ అడవుల్లోంచి నడిపిన తిరుగుబాటుని జంగల్ ఉద్యమం అనే అంటారు. అంటే సంస్కృతంలో పొడినేల పేరుగా ఉన్న మాట, ఫారసీకి పోయాక తడి అడవికి కూడా పేరయింది. అదే ఫారసీ మళ్లీ మన కచేరీల్లో రాతభాషగా వచ్చి కూర్చుంది. అర్థం తిరగబడటంలో ఈ రాకపోకల చెయ్యి చాలానే ఉందని నా లెక్క.

కంపెనీవాళ్లకి ఈ మాట ఎందుకంత అవసరపడిందంటే, శిస్తు. 1769-70 బెంగాల్ కరువులో జనం లక్షల్లో చచ్చిపోయారు. దున్నేవాడు లేక పొలాలు పాడుబడ్డాయి. 1789లో గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ తన నివేదికలో, హిందూస్థాన్‌లో కంపెనీ రాజ్యంలో మూడో వంతు ఇప్పుడు క్రూరమృగాలు మాత్రమే ఉండే జంగిల్ అని రాశాడు. ఆ వాక్యాన్ని తరచుగా అప్పట్లో మన దేశం ఎంత పచ్చగా ఉండేదో చెప్పడానికి వాడుతుంటారు. అది పచ్చదనం గురించి కాదు. నాలుగేళ్ల తర్వాత శాశ్వత శిస్తు పద్ధతి పెట్టబోయే మనిషి, వసూలు కాని భూమి ఎంతుందో చెప్పుకుంటున్న మాట. ఆ జంగిల్లో కొంత, ఒక తరం కిందటి దాకా మనుషులు వరి వేసుకున్న నేల.

అదే చూపుతో 1805లో బెంగాల్ పడమటి అంచున జంగిల్ మహల్స్ అని ఒక జిల్లానే పెట్టారు. అక్కడి భూమిజులనే గిరిజనులు గంగానారాయణ్ నాయకత్వంలో 1832లో తిరగబడ్డాక మరుసటి ఏడాది ఆ జిల్లాని రద్దుచేశారు. పేరు మాత్రం పోలేదు. పురూలియా, బాంకుడా, ఝాడ్‌గ్రామ్ వైపు ప్రాంతాన్ని ఇప్పటికీ జంగల్ మహల్ అనే అంటున్నారు.

దొరలు చూసిన చీకటి

1886లో హెన్రీ యూల్, ఏ.సి. బర్నెల్ కలిసి ఆంగ్లో-ఇండియన్ మాటల నిఘంటువు వేశారు. హాబ్సన్-జాబ్సన్ అంటారు దాన్ని. అందులో జంగిల్ గురించి సూటిగా రాశారు: దేశీయుల మాటకి అసలు అర్థం సాగులో లేని నేల మాత్రమే; తర్వాత పొదలూ చెట్లూ పొడవాటి గడ్డీ పెరిగిన నేల; ఇంగ్లీషువాళ్లు దాన్ని అడవికీ చిక్కటి పొదలకీ వాడుతున్నారు, సాగులో లేదన్న సంగతి వెనక్కి పోయింది. వందేళ్లలో జరిగిన మార్పుని అప్పటికే గుర్తుపట్టారన్నమాట.

ఆ నిఘంటువు కాలానికి జంగిల్ ఫీవర్ అనే మాట బాగా వాడుకలో ఉంది. మలేరియా తరహా జ్వరం. కుళ్లిన ఆకుల నుంచి చెడుగాలి వచ్చి ఈ జ్వరం పడుతుందని నమ్మేవారు. 1897లో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసేదాకా ఆ నమ్మకం పూర్తిగా పోలేదు. చరకుడి కాలానికి ఆరోగ్యం ఇచ్చే నేల పేరు, విక్టోరియా రాణి కాలానికి జ్వరం పేరులో భాగమైంది. ఒక మాట ఇంతకంటే తలకిందులవడం నేనైతే ఇంకెక్కడా చూడలేదు.

ఇక్కడ నుంచి ఈ మాట మన దేశం దాటి ఆఫ్రికా, అమెజాన్, మలయా అన్నిటికీ అతుక్కుంది. కత్తితో నరుక్కుంటూ పోతే తప్ప దారి దొరకని పచ్చటి గోడ, అదీ ఇప్పటి చిత్రం. తమాషా ఏమిటంటే, నిజమైన వర్షారణ్యం లోపల ఈ చిత్రం పెద్దగా పనికిరాదు. పైన ముప్ఫై నలభై మీటర్ల ఎత్తున కొమ్మలు కలిసి కప్పు వేసేస్తాయి. నేల దాకా చేరే వెలుతురు నూటికి రెండు పాళ్లు ఉంటే గొప్ప. వెలుతురు లేని చోట పొదలు పెరగవు. అందుకని పాతకాలపు అడవి లోపల స్తంభాల్లాంటి మొదళ్లు, వేళ్లు, ఆకులు రాలిన నేల, నడవడానికి బోలెడు చోటు. చిక్కు అంతా ఉండేది అంచుల్లో: నది ఒడ్డున, చెట్టు కూలి వెలుగు పడ్డ చోట, నరికి వదిలేస్తే మళ్లీ మొలిచిన చోట. యూరప్ యాత్రికులు పడవల్లో నదుల మీద పోయారు. రెండు ఒడ్డులా ఎండ తగిలి గుబురుగా లేచిన పచ్చ గోడ చూసి, లోపలంతా ఇలాగే ఉంటుందనుకున్నారు. శాస్త్రజ్ఞులకి ఈ మాట పనికిరాకుండా పోయింది. 1898లో షింపర్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఉష్ణమండల వర్షారణ్యం అనే పదం తయారుచేసుకున్నాడు, వాళ్లకి అదే నిలిచింది.

జంతువుల పేర్లలో మాత్రం పాత అర్థం ఇంకా బతికే ఉంది. జంగిల్ క్యాట్ అనే పిల్లి వానపడే అడవుల్లో ఉండదు. గడ్డి భూములు, రెల్లు పొదలు, చెరువు గట్లు, చెరుకు తోటలు దాని చోట్లు. హాల్హెడ్ పుస్తకం వచ్చిన 1776లోనే గుల్డెన్‌స్టెట్ అనే పండితుడు దాన్ని మొదట వర్ణించాడు, అదీ కాకసస్ ప్రాంతంలో తెరెక్ నది దగ్గర దొరికినదాన్ని చూసి. అడవికోడి, అంటే మన పెరటి కోళ్లకి మూలమైన జంగిల్ ఫౌల్, వెదురు పొదల అంచుల్లో, పొలాల పక్కన గింజలు ఏరుకుంటూ కనిపిస్తుంది. జంగిల్ బాబ్లర్ అనే పిట్ట గుంపులు గుంపులుగా తోటల్లో గోల చేస్తుంది.

ఇక సింహం. 'సింహం జంగిల్‌కి రాజు' అంటే, అది గడ్డి మైదానాల జంతువు కదా, జంగిల్ ఎక్కడిది అని తెలిసినవాళ్లు సరిదిద్దుతుంటారు. ఇప్పటి అర్థంలో వాళ్లది రైటే. కానీ గిర్‌లో మిగిలిన సింహాలు తిరిగేది పొడి టేకు చెట్లు, తుమ్మలు, రేగుపొదల మధ్య. 19వ శతాబ్దం తొలినాళ్ల దాకా హర్యానా మైదానాల్లో, అంటే ఆ పాత కురుజాంగలం చుట్టుపట్ల కూడా సింహాలుండేవి. చరకుడి లెక్కలో చూస్తే సింహం నికరంగా జాంగలానికి రాజే.

న్యాయం లేని చోటుకి పేరు

జంగిల్ అనగానే గుర్తొచ్చే ఇంకో మాట ఆటవిక న్యాయం. బలవంతుడిదే రాజ్యం అనే అర్థంలో వాడతాం. దీన్ని ఇంగ్లీషులో ప్రచారం చేసింది రుడ్‌యార్డ్ కిప్లింగ్ 1894, 1895లలో వేసిన రెండు జంగిల్ బుక్‌లు. అయితే ఆయన రాసిన జంగిల్ చట్టం సరిగ్గా దీనికి వ్యతిరేకం. వేట ఎలా పంచుకోవాలి, పిల్లలకి ఏం వదలాలి, కరువులో నీటి దగ్గర ఎవరూ ఎవరినీ చంపకూడదు, ఇలా తోడేళ్ల గుంపుకి కట్టుబాట్లు అవి. రాసింది అమెరికాలో వెర్మాంట్ మంచులో కూర్చుని. కథ జరిగింది మధ్యభారతంలో సివనీ కొండల్లో, అవి ఆకురాల్చే అడవులు. చట్టం పేరు నిలిచింది, అందులోని కట్టుబాట్లు ఎగిరిపోయాయి.

మన పాత గ్రంథాలు బలవంతుడి న్యాయానికి అడవిని తీసుకోలేదు. వాళ్ల ఉపమానం చేప. పెద్ద చేప చిన్న చేపని మింగడం, మాత్స్యన్యాయం. దండనీతి లేకపోతే అది వస్తుందని కౌటిల్యుడు అంటాడు. అడవి మీదకి ఈ నింద చాలా తర్వాత వచ్చింది. 1997లో పాట్నా నగరంలో మురుగు, నీటి నిల్వల కేసు వింటూ అక్కడి హైకోర్టు జంగిల్ రాజ్ అన్నది. మురిక్కాలవ గురించి అన్న ఆ మాటని రాజకీయం అందుకుని దాదాపు మూడు దశాబ్దాలుగా వాడుతూనే ఉంది.

మిగతా ప్రయాణాలు గబగబా చెప్పేస్తాను. అప్టన్ సింక్లెయిర్ 1906 నవల షికాగో కబేళాల్ని జంగిల్ అంది, అదే ఏడాది అమెరికాలో మాంసం తనిఖీ చట్టం వచ్చింది. రైళ్లెక్కి తిరిగే కూలీలు పట్టాల పక్కన వేసుకున్న బసలు కూడా అక్కడ జంగిల్‌లే. పిల్లలు ఎక్కి దూకే ఇనుప చట్రానికి 1920లలో జంగిల్ జిమ్ అని పేరొచ్చింది. 1990లలో లండన్ క్లబ్బుల్లో ఒక సంగీతానికి ఆ పేరు పెట్టారు. కాంక్రీట్ జంగిల్ సరేసరి.

వీటిలో ఒక్కదాని దగ్గర ఆగాలి. ఫ్రాన్స్ ఉత్తర తీరంలో కలే రేవు పక్కన, ఇంగ్లండుకి దాటిపోవాలని వేలమంది శరణార్థులు గుడారాలు వేసుకున్నారు. 2016 అక్టోబరులో ఖాళీ చేయించేదాకా దాన్ని ప్రపంచమంతా జంగిల్ అని పిలిచింది. మనుషులు ఉండే చోటుకి అంత హీనమైన పేరా అని చాలామంది నొచ్చుకున్నారు. ఆ పేరు వెనక ఉన్నది మొదట్లో అక్కడ చెట్ల మధ్య తలదాచుకున్న అఫ్గన్లు. పష్తోలో చెట్ల తోపుని వాళ్లు జంగల్ అంటారు. వాళ్లు మామూలుగా అన్న మాట, ఇంగ్లీషు చెవిలో పడగానే జంగిల్ అయిపోయి, దాంతోపాటు ఆ చీకటీ ఆ భయమూ అన్నీ వచ్చి అతుక్కున్నాయి.

ఫారెస్ట్ ఎవరిది, జంగల్ ఎవరిది

ఇంగ్లీషులో అడవికి ఫారెస్ట్ అనే మాట ఉండగా జంగిల్ ఎందుకు తెచ్చుకున్నారు అని అడగొచ్చు. దానికి ఫారెస్ట్ పుట్టుక తెలియాలి. అది కూడా చెట్ల గురించి పుట్టిన మాట కాదు. మధ్యయుగాల యూరప్‌లో రాజు వేట కోసం ప్రత్యేకించిన, మామూలు చట్టానికి వెలుపల ఉంచిన నేల ఫారెస్ట్. ఇంగ్లండులో విలియం రాజు 1079లో పెట్టిన న్యూ ఫారెస్ట్‌లో ఇప్పటికీ చాలా మేర చెట్లు లేని పొదల బీడే. అంటే ఫారెస్ట్ సర్కారు గీత గీసిన నేల, జంగిల్ ఏ గీతా లేని నేల. 1864లో మన దేశంలో డీట్రిచ్ బ్రాండిస్ అనే జర్మన్ అడవుల నిపుణుడి కింద శాఖ పెట్టినప్పుడు దాని పేరు ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్. చట్టాలన్నీ ఫారెస్ట్ చట్టాలే. గీత గీయగానే జంగల్ కాస్తా ఫారెస్ట్ అయ్యేది, అందులో పశువులు మేపుకునేవాడు దొంగ అయ్యేవాడు.

నిజాం రాజ్యంలో పాలనభాష ఉర్దూ కాబట్టి అక్కడ ఆ శాఖే జంగ్లాత్. తెలంగాణ పల్లెల్లో జంగ్లాతోళ్లు అంటే ఫారెస్టు వాళ్లు. ఆ మాట వినగానే జరిమానా, దాడి గుర్తొచ్చేవి. అదే నేల మీద 1940లో జోడేఘాట్ దగ్గర ప్రాణమిచ్చిన కొమురం భీం పేరుతో నిలిచిన నినాదం జల్, జంగల్, జమీన్. ఒకే మాట ఒక నోట శాఖ పేరు, ఇంకో నోట హక్కు.

గీత గొడవ ఇంకా తెగలేదు. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, ఫారెస్ట్ అనే మాటని నిఘంటువులో ఉన్న అర్థంతో తీసుకోవాలని, రికార్డుల్లో అలా రాసి ఉన్న భూములన్నీ ఎవరి పేరున ఉన్నా అందులోకే వస్తాయని చెప్పింది. అడవుల్ని కాపాడటంలో ఆ ఉత్తర్వు చేసిన మేలు పెద్దది. కానీ రికార్డుల్లో జంగల్ అని రాసి ఉన్న నేలల సంగతి? విదర్భ తూర్పు జిల్లాల్లో పాత రెవెన్యూ కాగితాల్లో ఝుడ్పీ జంగల్ అని ఒక రకం ఉంది. మరాఠీలో ఝుడుప్ అంటే పొద. పొదలు తప్ప పెద్ద చెట్లు లేని, పశువులు మేసే నాసి నేల అని ఆ రాసినవాళ్ల ఉద్దేశం. అచ్చంగా జాంగలం! 1996 తర్వాత ఆ నేలల మీద ఉన్న బడులు, ఆఫీసులు, ఇళ్లు, శ్మశానాలు అన్నీ ఒక్కసారిగా ఫారెస్ట్ మీద ఉన్నట్టు లెక్క అయ్యాయి.

అటువైపు ఇంకో లెక్క ఉంది. ఫారెస్ట్ సర్వే ఉపగ్రహ చిత్రాల్లో హెక్టారుకి మించిన చోట నూటికి పది పాళ్లకు పైగా కొమ్మల నీడ పడితే అది అటవీ విస్తీర్ణం. యూకలిప్టస్ తోట పాసవుతుంది. కృష్ణజింకా బట్టమేక పిట్టా తిరిగే గడ్డి బీడు ఫెయిలవుతుంది. అలాంటి నేలలో చాలా భాగం వేస్ట్‌ల్యాండ్ అట్లాసులోకి పోతుంది. 2015-16 లెక్కల్లో ఆ పేరు కింద 5.5 కోట్ల హెక్టార్లకు పైగా ఉంది. వేస్ట్ అని రాసి ఉన్నాక అక్కడ సోలార్ ప్లాంటు పెట్టినా, మొక్కలు నాటే కార్యక్రమం పెట్టినా అడిగేవాడు ఉండడు. రెండో పని మొదటిదానికంటే మంచిదని అనుకోకండి. గడ్డి నేలలో వరసగా చెట్లు నాటితే బట్టమేక పిట్ట అక్కడ గుడ్డు పెట్టదు, దానికి నలువైపులా చూపు ఆనాలి.

ఝుడ్పీ జంగల్ వ్యవహారం 2025 మే 22న తేలింది. 86 వేల హెక్టార్ల పైచిలుకు ఆ పొదల నేలని 1996 ఉత్తర్వు ప్రకారం ఫారెస్ట్‌గానే చూడాలని సుప్రీంకోర్టు చెప్పింది. 1996 డిసెంబరు 12 కంటే ముందు అధికారులు వేరే అవసరాలకి కేటాయించిన చోట్లకి ఆ వర్గం మార్పించుకోవడానికి వీలు కల్పించింది. ఆ తేదీ తర్వాత ఇచ్చినవాటికి మాత్రం ఎందుకిచ్చారో, ఏ అధికారి ఇచ్చాడో కారణాలు చూపించాలంది.